హాజరు పిలిచే మనిషి

మా అత్తమ్మ బీరమ్మ నన్ను చూపించి చుట్టాలకు ఒక మాట చెబుతుంటుంది. "గోడలకు చెవులుంటయంటరు. మా ఇంట్ల గోడలకు ఆ తిప్పల లేదు, వనజ ఉన్నది." కాదనను. అనుమానం నాకు మా మేనత్త నుంచి వచ్చిన ఆస్తి. కూరగాయల ఆగమ్మ తక్కెడ నుంచి మా ఆయన సెల్‌ఫోన్ దాకా నేను అనుమానించని వస్తువు మా ఇంట్లో లేదు. మా మామ పెద్దరాములును మాత్రం పెళ్లయినప్పటి నుంచి ఒక్కనాడూ అనుమానించలేదు. పోయిన వానాకాలంలో ఆ ముచ్చటా తీరింది.

బొల్లారానికీ కాజీపల్లికీ నడుమ ఉన్న మా ఊళ్లో ఆయనను మిలిటరీ పెద్దరాములు అంటారు. ఊరి మాజీ సైనికుల సంఘం పెట్టింది ఆయనే, పెట్టిన నాటి నుంచీ ప్రెసిడెంటూ ఆయనే. జోగిపేట దగ్గర మా పుట్టింటి ఊళ్లో నా పెళ్లి కుదిరినప్పుడు మా మేనత్త ఇల్లిల్లూ తిరిగి "మా పిల్లను మిలిటరోళ్లింటికి ఇస్తున్నం" అని చాటింది. అంతకుముందు వచ్చిన రెండు సంబంధాల్లో పొలాలున్నాయి. వాటిని వద్దని మా నాయిన నన్ను ఇక్కడికి ఇచ్చాడు. నేనూ ఆ గర్వంతోనే కాపురానికి వచ్చాను. నల్లా దగ్గర ఎవరితోనైనా మాటా మాటా పెరిగితే "మాది మిలిటరీ ఇల్లు, జాగ్రత్త" అనేదాన్ని.

సంఘానికి బస్టాపు పక్కన రేకుల హాలు ఉంది. మామ దయవల్ల అందులోనే నేను సైనికుల ఇళ్ల ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతాను. ఏడాదంతా మిషన్ల చప్పుడుతో ఉండే ఆ హాలు పంద్రాగస్టు నాడు మాత్రం వాళ్లది. ఆ రోజు ఒక ఆచారం ఉంది. జెండా ఎగిరి, జనగణమన అయ్యాక హాజరు పిలుస్తారు. సైన్యంలో ఎవరు ముందు చేరితే వాళ్ల పేరు ముందు. పేరు వినగానే మనిషి ఒక అడుగు ముందుకు వేసి "హాజిర్" అనాలి. చనిపోయిన వాళ్ల పేర్లూ పిలుస్తారు. వాళ్ల తరఫున పెండ్లామో కొడుకో అడుగు ముందుకు వేసి జవాబు చెబుతారు. పేర్లు పిలిచేది మా మామ. చేతిలో కాగితం ఉండదు. పూజారికి మంత్రాలు వచ్చినట్టు ఆయనకు ఆ పేర్లన్నీ వరుసగా వస్తాయి.

మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డ మరునాడు ఓదెలు సాబ్ మా ఇంటికి వచ్చాడు. వాన పడగానే మా ఊరి నాలాల్లోంచి మందుల కంపెనీల కంపు లేస్తుంది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో మిఠాయి డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. సుబేదారుగా రిటైరై, కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసరుగా చేరి, మా ఊరి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ మధ్యే సంఘంలో సభ్యుడయ్యాడు. మడత నలగని చొక్కా, గీత గీసినట్టు మీసం.

"నమస్తే ప్రెసిడెంట్ సాబ్. ఈ పంద్రాగస్టుకు సంఘం చరిత్ర రాతి మీద చెక్కిద్దామనుకుంటున్న. అందరి పేర్లు, నంబర్లు, రెజిమెంట్లు. మొదలు మీదే ఉండాలె గద. చెప్పుండ్రి, మీ నంబర్ ఏంది?"

"కూసోండి సాబ్," అన్నాడు మామ. "వనజా, చాయ్ పెట్టు బిడ్డా."

"చాయ్ తాగుత గని, రెజిమెంట్ ఏదన్న చెప్పుండ్రి."

మామ ఆకాశం వైపు చూశాడు. "మల్ల మబ్బు పట్టింది. దండెం మీది బట్టలు తియ్యమను మీ అత్తను."

బట్టలు పొద్దున్నే తీసేశాం. దండెం ఖాళీగా ఊగుతోంది. నేను వంటింటి గడప దగ్గరే ఆగిపోయాను. చాయ్ తాగినంతసేపూ మామ వానల గురించి, కరెంటు గురించి, గుంతలు పడ్డ రోడ్డు గురించి మాట్లాడాడు కానీ నంబరు మాట ఎత్తలేదు. ఓదెలు సాబ్ కూడా మళ్లీ అడగలేదు. పోయేటప్పుడు గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ నాతో మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఫౌజీ పెండ్లాం పేరన్న మరుస్తడు గని నంబర్ మరువడు. నిద్రల లేపి అడిగినా చెప్తడు. నేనింతకుముందు పనిచేసిన కాడ దొంగ కాగితాలతోని ముగ్గురు గార్డులు దొరికిండ్రు. అప్పటిసంది నాకు జెర అనుమానం ఎక్కువ, ఏమనుకోకు."

ఏమనుకుంటాను? నా జాతివాడే దొరికాడు. అయితే ఆయన అనుమానం మా గడపలోకి వచ్చింది కాబట్టి ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఇల్లంతా ఒకసారి కొత్త కళ్లతో చూశాను. సైనికుల ఇళ్లన్నీ నాకు తెలుసు. ప్రతి ఇంట్లో యూనిఫారం ఫోటో ఒకటి గోడ మీద ఉంటుంది, దాని కింద అద్దాల పెట్టెలో మెడల్స్ ఉంటాయి. మా ఇంట్లో మామ ఫోటో ఉన్నది ఓటరు కార్డు మీదే. బీరువా అడుగున ఒక మందపాటి పాత మిలిటరీ కోటు మాత్రం ఉంది. ప్రతి ఎండాకాలం దాన్ని ఎండకు వేసేది నేనే.

ఇంకోటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. పంద్రాగస్టు నాడు సంఘం వాళ్లంతా తలకు రెజిమెంట్ బిళ్ల ఉన్న టోపీ పెట్టుకుని జెండాకు సెల్యూట్ కొడతారు. మా మామ టోపీ లేకుండా వస్తాడు, చేతులు పక్కకు బిగించి నిటారుగా నిలబడతాడు. తల మీద టోపీ లేనివాడు సెల్యూట్ కొట్టకూడదట, అది సైన్యం పద్ధతి. మా వార్డు లీడరు ఏటా టోపీ లేకుండానే సినిమాలో లాగా సెల్యూట్ కొడతాడు, ముసలి సిపాయిలు మూతులు తిప్పుకుంటారు. పద్ధతి తెలిసినవాడు మామ. మరి ఆ టోపీ ఏమైంది?

మా ఆయన నవీన్‌కుమార్ మందుల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చాక అన్నం పెడుతూ కదిపాను.

"మీ నాయిన మిలిటరీల ఏం పనిచేసిండు?"

"బార్డర్ల పనిచేసిండు."

"బార్డర్ల ఏం పని?"

"నాకేం ఎరుక? చిన్నప్పుడు అడిగితె మంచు ముచ్చట చెప్పేటోడు. తుపాకి ముచ్చట ఎప్పుడు చెప్పలే." ముద్ద నోట్లో పెట్టుకోబోయి నా మొహం చూశాడు. "కోడిగుడ్డుకు ఈకలు పీకుడు షురూ చేసినవా? మా నాయిన జోలికి పోకు వనజా."

తుపాకి ముచ్చట ఎప్పుడూ చెప్పలేదన్న మాట ఆయన గమనించలేదు, నేను గమనించాను. మామ సిపాయి కాకపోతే నేనెవరి ఇంటికి వచ్చినట్టు? మా నాయినను మోసం చేసి నన్ను తెచ్చుకున్నారన్నమాట. ఆ ఆలోచన వచ్చాక మామకు చాయ్ ఇచ్చేటప్పుడు కూడా నా చెయ్యి మునుపటిలా ఉండలేదు. ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు కనబడలేదు, అంతే.

పుండు మీద కారం చల్లినట్టు, ఆషాఢంలో ఇంకో ముచ్చట బయటపడింది. దారాలు, గుండీలు కొనడానికి సంగారెడ్డి వెళ్లాను. తిరుగు బస్సు కోసం నిలబడితే, ఆడవాళ్ల గుంపు అవతల బెంచీ మీద మా మామ, పక్కన రాజవ్వ. రాజవ్వ మా ఊరి మనిషే. ఆమె భర్త పెంటయ్య సిపాయిగా ఉండి మంచు కొండల్లో పోయాడు. ఆమె పింఛను పనులకు మామ తోడు వస్తాడని అందరికీ తెలుసు. అయితే ఒకే కాగితంలోంచి మిరపకాయ బజ్జీలు తింటారని నాకు తెలియదు. నేను స్తంభం చాటుకు జరిగాను.

"ఇగ చెప్పేస్త రాజవ్వా," అంటున్నాడు మామ. "ఆ ఓదెలు సాబ్ ముంగట నా వల్ల అయితలేదు."

"గిన్నేండ్లు చెప్పంది గిప్పుడెందుకు? నోరు మూస్కొని బజ్జి తిను."

"ఇంట్ల కోడలు గూడ ఏదో తీరుగ చూస్తున్నది."

"చూస్తె చూడని. నువ్వు చెప్తె నా మొగని పేరు గూడ బజార్ల పడ్తది."

చెప్పాల్సింది ఏమిటో, రాజవ్వ మొగుడి పేరు ఎందుకు బజార్న పడుతుందో ఊహించడానికి నాకెంతోసేపు పట్టలేదు. ఇద్దరూ తల పండినవాళ్లు, ఛీ అనుకున్నాను. ఇంట్లో పప్పు రుబ్బుకుంటున్న అత్తమ్మను తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చిన బస్సు ఎక్కకుండా తరవాతి బస్సులో ఇల్లు చేరాను.

బోనాలు అయిపోయిన వారం సంఘం మీటింగ్ పెట్టారు. నేను మిషన్లన్నీ గోడకు జరిపించి, ఏదో కుడుతున్నట్టు మూలన కూర్చున్నాను. నల్లరాయి వచ్చేసింది. దాన్ని గోడకు ఆనించి పెట్టి ఓదెలు సాబ్ లేచి నిలబడ్డాడు.

"రాయి చెక్కుడు పంద్రాగస్టు తర్వాత షురూ చేద్దాం. ఆ రోజు హాజరుల పలికిన పేర్లే రాతి మీదికి ఎక్కాలె. అదే మనకు సబూత్, అదే రుజువు. ఇంకొక్క మాట. ఇన్నేండ్లసంది ప్రెసిడెంట్ సాబ్ అందరి పేర్లు పిలిచిండు. మరి ఆయన పేరు ఎవరు పిలిచిండ్రు?"

హాలులో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజంగానే ఎవరూ పిలవలేదు. పిలిచేవాడు లైన్లో ఉండడు కదా, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"గది న్యాయం కాదు," అన్నాడు ఓదెలు సాబ్. "ఈసారి నేను పిలుస్త. ఆయన, పెంటయ్య ఒక్కదినమే ఊరు దాటిండ్రట గద. పెంటయ్య పేరుకు ముందు ఆయన పేరు పిలుస్త. ప్రెసిడెంట్ సాబ్ గూడ అందరి లెక్క టోపీ పెట్టుకొని లైన్ల నిలబడాలె, జవాబ్ చెప్పాలె."

అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లకు అది సన్మానం. నాకు మాత్రం ఉచ్చు కనబడింది. ఓదెలు సాబ్ కళ్లు మామ మొహం మీది నుంచి కదలడం లేదు. మామ కాసేపు ఆ నల్లరాయిని చూసి "సరే సాబ్" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. మరునాడు మధ్యాహ్నం మిషన్లు బంద్ చేసి రాజవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేటలోంచి తల ఎత్తకుండానే "రా బిడ్డా, కూసో" అంది.

"కూసునేతందుకు రాలే పెద్దమ్మా. ఒక్కటి అడుగుత. మా మామకు నీకు ఏమున్నది?"

అప్పుడు తల ఎత్తింది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"ఓసి నీ పాడుగాను! గిన్ని దినాలసంది గిదా నీ కడుపుల ఉన్నది? లోపటికి రా."

లోపల మంచం కిందనుంచి ఒక నల్లటి ఇనుప పెట్టె బయటికి లాగింది. మీద తెల్ల రంగుతో పెంటయ్య పేరు, పేరు కింద నంబరు ఉన్నాయి. రంగు అక్కడక్కడా లేచిపోయింది.

"నీ మామ నాకేమైతడంటవా? నా మొగని పెట్టె మోసుకొచ్చినోడు. గంతే."

చేత్తో పెట్టె మీది దుమ్ము తుడుస్తూ చెప్పింది. మామ, పెంటయ్య ఇద్దరూ ఒకే రోజు సైన్యం భర్తీకి పోయారు. పెంటయ్యను తీసుకున్నారు. మామకు ఛాతీ కొలత చాలలేదు. ఇంటికి వస్తే నవ్వుతారని సిగ్గుపడి, కూలీలను తీసుకుపోయే ఒక కాంట్రాక్టరు వెంట ఆయన కూడా ఆ మంచు కొండలకే పోయాడు. సైన్యం బండ్లు తిరిగే రోడ్ల మీద రాళ్లు కొట్టాడు. ఒకనాడు మంచు కొండ విరిగి పెంటయ్య ఉన్న బండి మీద పడింది. మంచు కింది నుంచి పెంటయ్యను తవ్వి తీసిన కూలీల్లో మామ ఉన్నాడు.

"పీనిగె రాలే బిడ్డా. ఆడనే కాలవెట్టిండ్రు. పెట్టె పంపుతమన్నరట. నేనే తీస్కపోతనని వీడు అడిగి తెచ్చిండు. సలికి ఎవరో ఇచ్చిన మిలిటరీ కోటు ఒంటి మీద, పెట్టె నెత్తి మీద, బస్సు దిగిండు. ఊరంత మిలిటరోడు వచ్చిండన్నది. ఆ దినం కాదనేతందుకు వానికి నోరు వచ్చిందా, నాకు వచ్చిందా? నేను మన్నుల వడి ఏడుస్తున్న."

"తర్వాతనన్న చెప్పొద్దా?"

"చెప్పేటోడే. గని పింఛను కోసం ఆఫీసు సుట్టు తిరిగి తిరిగి నా చెప్పులరిగినయ్. ఆడ గుమస్తా నన్ను మనిషి లెక్క చూడలే. ఒకదినం నీ మామ ఆ కోటు ఏసుకొని వచ్చి నా పక్కన నిలబడ్డడు. ఒక్క మాట మాట్లాడలే. గుమస్తా లేచి నాకు కుర్సీ ఏసిండు. పని అయింది. నా లెక్కనే మొగలు పోయినోళ్లు ఇంక ముగ్గురు వచ్చి అన్నా మాక్కూడ రా అన్నరు. గట్ల పుట్టింది సంఘం. సిపాయిలు ఎనుక వచ్చి చేరిండ్రు. పాతోళ్లకు తెలుసు బిడ్డా. తెలిసీ ప్రెసిడెంటుగ ఉండమన్నరు. వాళ్లంత పోయిండ్రు. ఇగ నేనున్న. గిప్పుడు చెప్తె నా మొగని పింఛను గూడ దొంగ కోటుతోని తెచ్చిండ్రంటరని నా భయం."

ఏదో దొంగతనం పట్టుకుందామని వెళ్లి ఎవరిదో పూజగదిలోకి చెప్పులతో అడుగు పెట్టినట్టయింది. సిగ్గు వేసింది. దాని వెనకే భయం వేసింది. పంద్రాగస్టు నాడు ఓదెలు సాబ్ పేరు పిలుస్తాడు. హాజిర్ అంటే జీవితంలో మొదటిసారి అబద్ధం ఆడినట్టు, అదీ చచ్చిపోయిన సిపాయిల నడుమ నిలబడి. అనకపోతే ఊళ్లో తలెత్తుకోలేడు. సంఘం మొత్తం అబద్ధం మీద కట్టిందని అంటారు.

పండుగ ముందురోజు మామ పెరట్లో సొరపాదుకు పందిరి కట్లు బిగిస్తున్నాడు. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"మామా, రేపు మీకు జరమొచ్చిందని చెప్త. మీరు ముసుగు పెట్టుకొని పండుండ్రి. మిగిలింది నేను చూస్కుంట."

నా మొహం చూసి ఆయనకు సంగతంతా తెలిసిపోయింది. తాడు ముడి వేస్తూ నవ్వాడు.

"రాజవ్వ చెప్పిందా? దాని నోట్ల నువ్వుగింజ నానది. ఈ ఒక్కటే ఇన్నేండ్లు దాచింది."

"చెప్పుండ్రి మామా, జరమని చెప్పుదునా?"

"నేనెన్నడు సిపాయినని చెప్పలే బిడ్డా. కాదని గూడ చెప్పలే. తప్పు ఆ రెండోదాంట్ల ఉన్నది. ఆ సాబ్ మంచోడు. అడగవలసింది అడిగిండు. నా ఎన్క పడ్డడని కోపం పెట్టుకోకు." ఇంకో ముడి బిగించి అన్నాడు. "తెల్ల అంగీ ఇస్త్రీ చెయ్యి. గంతే."

ఏం చేయబోతున్నాడో చెప్పలేదు. నాకు అప్పుడు కూడా అనుమానమే. మనిషి మంచివాడే, అయినా ఊరి ముందు పరువు పోతుందంటే ఎంతటివాడైనా ఒక చిన్న మాట అనేస్తాడు కదా. ఆ చిన్న మాట అనేస్తే బాగుండునని కూడా నా మనసులో ఉంది. ఇస్త్రీ చేస్తూ రెండు రకాలుగానూ దేవుడికి మొక్కుకున్నాను.

తెల్లారి సన్నగా తుంపర. హాలు ముందు జెండా గద్దెకు సున్నం వేసి, ముగ్గు పెట్టాం. సంఘం వాళ్లంతా టోపీలతో వచ్చి నిలబడ్డారు. చనిపోయిన వాళ్ల తరఫున వచ్చిన ఆడవాళ్లు లైన్లో తమ మనిషి ఉండాల్సిన చోట నిలుచున్నారు. మామ టోపీ లేకుండా, తెల్ల అంగీతో రాజవ్వ పక్కన నిలబడ్డాడు. ఆయన్ను లైన్లో చూడడం ఊరికి అదే మొదటిసారి. జెండా ఎగిరింది. టోపీలున్న వాళ్ల చేతులు లేచాయి, వార్డు లీడరు చెయ్యి కూడా లేచింది. మామ చేతులు పక్కకే ఉన్నాయి.

ఓదెలు సాబ్ కాగితం తీశాడు. పేరు పిలవడం, అడుగు పడడం, హాజిర్ అనడం వరుసగా సాగుతోంది. నేను అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. అది నిబ్బరంగా ఉంది.

"పెద్దరాములు."

మామ అడుగు ముందుకు వేయలేదు.

"పెద్దరాములు," గొంతు పెంచాడు ఓదెలు సాబ్.

"ఆ పేరు లేదు సాబ్," అన్నాడు మామ. "ముందుకు పోండి."

కూరగాయల బేరంలో వద్దన్నంత మామూలుగా అన్నాడు. లైన్లో తలలు తిరిగాయి. ఓదెలు సాబ్ కాగితం దించాడు.

"లేదంటె ఏంది?"

"నేను సిపాయిని కాను సాబ్. బార్డర్ల రోడ్డు కూలిని. రాళ్లు కొట్టిన. తుపాకి పట్టలే. మీరు పిలవవలసినోళ్లను పిలువుండ్రి, వాన పెద్దగైతది."

గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవరో "గిన్నేండ్లు మోసం జేసిండా?" అన్నారు. మా ఆయన ముందుకు వెళ్లబోతే అత్తమ్మ నా చెయ్యి వదిలి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఓదెలు సాబ్ మొహంలో గెలిచిన కళ లేదు. దొంగను పట్టుకున్నాననుకుని వేరే ఎవరి చెయ్యో పట్టుకున్నవాడిలా ఉన్నాడు. ఏం చేయాలో తోచక, అలవాటు పడ్డ మనిషి గనక కాగితం ఎత్తి కింది పేరు పిలిచాడు.

"పెంటయ్య."

రాజవ్వ నేల చూస్తూ నిలబడింది.

"పెంటయ్య!"

"ముందటి పేరుకు జవాబ్ రాలే సాబ్," అంది రాజవ్వ. "నా వంతు ఎట్లొస్తది?"

"అమ్మా, ఆయన ఫౌజీ కాదంటున్నడు గద."

"కాడు. నాకు తెల్వదా? మా ఆయన ఆ మనిషి నెత్తి మీదనే ఊర్లకు వచ్చిండు. బస్సు ముందు పెద్దరాములు దిగిండు, ఎన్క నా మొగడు దిగిండు. మీ మిలిటరీల వరుస తప్పద్దంటరు గద. తప్పుతె నేను జవాబ్ చెప్ప."

ఆమె పక్కనున్న పుష్పమ్మ, ఆమె భర్త కూడా సైన్యంలోనే పోయాడు, కొంగు సర్దుకుని "నేను గూడ చెప్ప" అంది. ఓదెలు సాబ్ తడుస్తున్న కాగితం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మడమలు కలిపి నిలబడ్డాడు.

"పెద్దరాములు."

మామ పెదవులు బిగించి జెండా కర్ర వైపే చూస్తున్నాడు. రాజవ్వ ఒక అడుగు ముందుకు వేసింది.

"హాజిర్."

"పెంటయ్య."

ఇంకో అడుగు వేసింది.

"హాజిర్."

ఆ తర్వాత మిగిలిన పేర్లు ఓదెలు సాబ్ కాగితం లేకుండా పిలవబోయి రెండుచోట్ల తడబడ్డాడు. లైన్లోంచి మామే మెల్లగా అందించాడు. నేను ఏడుస్తున్నానని అత్తమ్మ తన కొంగు అందించేదాకా నాకు తెలియలేదు.

అందరూ మెచ్చారని చెప్పను. ఇద్దరు ఆ రోజు నుంచి సంఘానికి రావడం మానేశారు. నల్లా దగ్గర నన్ను చూసి "మిలిటరీ ఇల్లు" అని నవ్విన వాళ్లూ ఉన్నారు. మామ ఆ సాయంత్రమే ప్రెసిడెంటు పదవి వదిలేశాడు. రాయి మీద తన పేరు వద్దన్నాడు. ఓదెలు సాబ్ వినలేదు. నంబరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి పేరు చెక్కించాడు. ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నాడు. మామ ఒక్కో పేరు చెబుతుంటే బడిపిల్లాడిలా తిరిగి అప్పజెబుతాడు. వచ్చే ఏడు కాగితం లేకుండా పిలవాలని ఆయన పట్టు.

అయితే నాకు ఒక ముల్లు మిగిలింది. ఒకరోజు అత్తమ్మ చిక్కుడుకాయలు వలుస్తుంటే అడిగేశాను.

"నీకు ఎప్పటిసంది తెలుసు అత్తమ్మా?"

"మా పెండ్లికి ముందే చెప్పిండు."

"మరి మా నాయినకు చెప్పకుంట నన్నెట్ల తెచ్చుకున్నరు?"

అత్తమ్మ చిక్కుడుకాయ పట్టుకుని నన్ను వింతగా చూసింది. "ఎవరన్నరు చెప్పలేదని? సంబంధం మాట్లాడిన నాడే చెప్పిండు. మీ నాయిననే అడుగు."

వెంటనే ఫోన్ చేశాను. మా నాయిన పొలం దగ్గర ఉన్నట్టున్నాడు, మోటారు చప్పుడు వినబడుతోంది.

"తెలుసు బిడ్డా," అన్నాడు. "అందరు చేతులు కడుగుతుంటె నన్ను పక్కకు పిలిచి చెప్పిండు. నేను రోడ్డు కూలిని, ఇష్టముంటెనే పిల్లనియ్యమన్నడు. అడగకముందే చెప్పినోడు దొరుకుతడా? గందుకే ఇచ్చిన."

"మరి మేనత్త ఊరంత మిలిటరోళ్లింటికి అని చాటుతుంటె ఎందుకు ఊకున్నవ్?"

"మీ మేనత్త నోరు మూయించేటోడు పుట్టిండా?"

"నాకన్న చెప్పొద్దా నాయినా?"

"నీకా? నువ్వు ఎవర్ని నమ్ముతవే? చెప్తె దాని ఎన్క ఇంకేదో ఉన్నదని దేవులాడుకుంట కూసుంటవ్."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అరుగు మీది నుంచి మామ గొంతు వినబడింది. "ఎవరు బిడ్డా ఫోన్ల?"

"మా నాయిన. మీతోని మాట్లాడుతడట," అని ఫోన్ తెచ్చి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని "ఆఁ, బావా" అన్నాడు. తలుపు చాటు ఉంది, కిటికీ ఉంది. వియ్యంకులిద్దరూ ఏం మాట్లాడుకుంటారో వినకుండా, ఈ ఇంట్లో కాలు పెట్టాక మొదటిసారి, నేను లోపలికి వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టాను.